కప్ప తొడలు ఎర్రబడితే

ఏదీ బిడ్డా, చేతులు తడిపి ఆ కప్పను మెల్లగా వెల్లకిలా పట్టు. పొట్ట తెల్లగా ఉంది, తొడల లోపలివైపు ఒక్క మచ్చ లేదు. అంటే ఇంకా బాగానే ఉంది. సూరత్ పక్కన మన కడోదరాలో నాలుగు చినుకులు పడితే చాలు, సాంచాల (మరమగ్గాల) చప్పుడు దాటి మరీ బెకబెకలు వినిపిస్తాయి. పట్టుకొచ్చి బకెట్లో వేసుకోవాలని మీకు అనిపించడం సహజమే. కానీ నాలుగు రోజులు అందులోనే ఉంచితే ఏమవుతుందో చెబుతా వినండి.

కప్ప ముందు మందకొడిగా అవుతుంది. ఈగ ఎదురుగా వాలినా నాలుక చాపదు. తర్వాత పొట్ట మీద, తొడల దగ్గర చర్మం కింద రక్తం చిమ్మి ఎర్రబడుతుంది. పుండ్లు పడతాయి, ఒళ్లు ఉబ్బుతుంది. సూక్ష్మజీవి రక్తంలోకి దిగిందన్నమాట. దీన్నే ‘రెడ్ లెగ్’ అంటారు. ప్రయోగశాల కప్పలకు వచ్చే ఈ జబ్బు గురించి 1905లోనే ఎమర్సన్, నారిస్ అనే ఇద్దరు వివరంగా రాశారు. ఎక్కువసార్లు దొరికే దొంగ ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా. ఎరుపు కనిపించినంత మాత్రాన అదేనని తేల్చేయకూడదు, వేరే బాక్టీరియా, బూజు, వైరస్ వల్ల కూడా అలా అవుతుంది.

విచిత్రమేమిటంటే ఆ ఏరోమోనాస్ దాదాపు ప్రతి చెరువులోనూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కప్ప పేగుల్లోనూ ఉంటుంది. మరి అక్కడ జబ్బు ఎందుకు రాదు? కాపలా అంతా చర్మానిదే. కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మంతోనే. అంత పల్చటి చర్మానికి దాని మందు దానికే ఉంది. అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ అనే డాక్టరు ఆఫ్రికా కప్పలకు కోత కోసి కుట్లు వేసి, మురికి తొట్టిలో వదిలితే చీము పట్టకుండా గాయాలు మానాయి. ఎందుకా అని వెతికి, 1987లో చర్మంలోంచి మగైనిన్లు అనే పదార్థాలు బయటికి తీశాడు. అవి సూక్ష్మజీవుల పొరకు చిల్లులు పెడతాయి. మన కేరళ కప్ప చర్మంలోనూ ఫ్లూ వైరస్‌ను దెబ్బతీసే ‘ఉరుమిన్’ దొరికిందని 2017లో చెప్పారు. ఎంత ముచ్చటగా ఉందో చూడండి!

బకెట్లో ఆ కాపలా సడలుతుంది. ఇరుకు, బెదురు, గోడకు మూతి రాసుకుని గీతలు, తన మూత్రంలోనే తాను మునగడం. పైగా ఎండాకాలం పాలు తొందరగా తోడుకున్నట్టు, వెచ్చటి మురికి నీళ్లలో బాక్టీరియా గబగబా పెరుగుతుంది.

జబ్బు చేసిన కప్పను విడిగా ఉంచి, నీళ్లు మార్చి, పశువుల డాక్టరుకు చూపించాలి. మన మాత్రలు నలిపి పోయకూడదు, చర్మం అన్నీ పీల్చేస్తుంది. నీ చేతిలో ఉన్న ఈ కప్పకు మాత్రం ఏ మందూ అక్కర్లేదు. ఎక్కడ పట్టారో అక్కడే వదలండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ బాక్టీరియా మన గాయాల్లోకీ దిగగలదు.