ఎఱ్ఱనేల, నల్లనేల: ఒక గొలుసు



మెదక్కు ప్రాంతపు పల్లెలలో మిట్టచేలు ఎఱ్ఱని చల్కనేలగాను, పల్లపుచేలు నల్లరేగడిగాను ఉండుట మీరెరిగినదే. రెండింటికిని మూలము పలుచోట్ల ఒక్క గ్రానైటు రాయియే. మరి యీ భేద మెట్లు కలిగెను?

రాయి చివికి మన్నగునపుడు మిట్టపైని నీరు నిలువక జారిపోవును. సన్నని బంకమన్నును, సున్నపు పాలును దానితో పల్లమునకు దిగును. పైన మిగిలిన గరుసు ఇనుపతుప్పుచే ఎఱ్ఱబారును. క్రింద తేమయు సున్నమును నిలిచి నల్లని బంకనేల యేర్పడును. వాలు వెంబడి నేలలిట్లు వరుసదీరుటను తూర్పు ఆఫ్రికాలో గమనించి, జెఫ్రీ మిల్న్ అను శాస్త్రజ్ఞుడు 1935లో దీనికి ‘కటీనా’ అని పేరిడెను. లాటిను భాషలో గొలుసని దాని యర్థము.

అయితే నీరు ఒక్క కొలతతో పనిచేయదు. మంజీరకు వాగులు, వాగులకు వంకలు, వంకలకు పిల్లకాలువలు కలవు. ప్రతి కొమ్మకును తన మిట్టయు, తన పల్లమును ఉండును. కావున జిల్లాపటమున కనబడు ఎరుపు నలుపుల అల్లిక గ్రామమునందును, ఒక్కొక్క చేనియందును చిన్నదై మరల కనబడును. భాగమునందు పూర్ణముయొక్క పోలికను చూపు ఇట్టి ఆకృతులకు బెనువా మాండెల్‌బ్రో 1975లో ‘ఫ్రాక్టల్’ అని పేరుపెట్టెను. నేలల కొలతలను ఈ దృష్టితో పరిశీలించి, బరో అను పండితుడు కొద్దిదూరములోనే పెద్దమార్పు లుండునని 1981లో చూపెను. ఈ పోలిక అచ్చుగ్రుద్దినట్టిది కాదు. అన్నదమ్ముల ముఖములలోని పోలికవంటిది.

ఇందువలన రైతునకేమి? 2015లో ఆరంభమైన భూసారపత్రముల పథకమున, వర్షాధారభూమిలో 10 హెక్టార్లకు, అనగా దాదాపు 25 ఎకరములకు, ఒక నమూనా చొప్పున నిర్ణయించిరి. అంతటి మేరలో చల్కయు రేగడియు రెండును ఉండవచ్చును. రెండింటికిని ఒకే లెక్కతో ఎరువు వేసినయెడల ఒకచోట ధనము, ఒకచోట పైరు నష్టమగును.

కనుక స్వయముగా పరీక్ష చేయించువారు ముందుగా చేనంతయు నడచి చూడవలెను. రంగు, వాలు, పైరు ఎదుగుదల మారినచోట వేర్వేరు ముక్కలుగా ఎంచవలెను. ఒక్కొక్క ముక్కలో పదిచోట్ల 6 అంగుళముల లోతున మన్ను తీసి, కలిపి, అందులో అరకిలో మాత్రము పంపవలెను. గట్టుప్రక్కను, చెట్టునీడను, పెంటకుప్ప వేసినచోటను తీయరాదు.

ఏ మూల చవుడో, ఏ మూల గరుసో, ఏ చెలక ముందుగా ఎండునో మీకు తెలియును. పటములకు అందని యీ యెరుకను మీ పిల్లలకు చేలగట్లపై నడచుచు చెప్పుడు. సెలవు.