మీకు తెలుసా? గొంతులో మంట పుట్టించే నూనే మేలైనది!

మన ఇళ్లలో ఆలివ్ నూనె అంటే చాలాకాలం పసిపిల్లల ఒంటికి మర్దనా చేసే డబ్బానే గుర్తొచ్చేది. దక్షిణ ఇటలీలోని పూలియా ప్రాంతంలో, కొరాటో, ఆండ్రియా ఊళ్ల చుట్టూ తోటలున్న రైతు కుటుంబాలకు అది తరాలుగా పండిస్తున్న రుచి. అక్కడి చెట్టు పేరు కొరటీనా.

● ఆలివ్‌లో వందలాది రకాలున్నాయి. బంగినపల్లికీ చిన్నరసానికీ ఎంత తేడానో, స్పెయిన్ అర్బెకీనాకూ పూలియా కొరటీనాకూ అంత తేడా. అర్బెకీనా నూనె మృదువుగా నాలుక మీద జారిపోతుంది. కొరటీనా మాత్రం చేదు, ఘాటు. దుకాణాల్లో దొరికే సీసాల్లో చాలావరకు పలు రకాల, ఒక్కోసారి పలు దేశాల నూనెలు కలిసి ఉంటాయి. ఒకే రకం కాయతో తీసినప్పుడే చెట్టు గుణం బయటపడుతుంది.

● మంచి ఆలివ్ నూనెలో తాజాగా కోసిన పచ్చగడ్డి వాసన వస్తుంది. చెట్టున ఉన్న కాయలో ఆ వాసన ఉండదు! మిల్లులో కాయ నలిగిన క్షణం నుంచి దానిలోని ఎంజైములు పనిచేసి పరిమళాన్ని పుట్టిస్తాయి. ఆ ముద్దను అరగంటో, ముప్పావుగంటో నెమ్మదిగా కలుపుతారు. వేడి పెంచితే నూనె ఎక్కువ దిగుతుంది, వాసన పోతుంది. 27 డిగ్రీలు దాటకుండా తీస్తేనే ‘చల్లగా తీసిన నూనె’ అని రాసుకోవడానికి యూరప్ నిబంధనలు ఒప్పుకుంటాయి.

● తాజా కొరటీనా నూనె ఒక్క గుక్క మింగితే గొంతు వెనక భాగం చురుక్కుమంటుంది, దగ్గు వస్తుంది. నూనె పాడైందని చాలామంది సీసా పక్కన పెట్టేస్తారు. నిజానికి అది మంచితనానికి గుర్తు. అమెరికా శాస్త్రవేత్త గ్యారీ బోషాంప్ సిసిలీలో తాజా నూనె రుచి చూసినప్పుడు, గొంతులో ఆ మంట అచ్చం ద్రవరూపంలోని ఐబుప్రొఫెన్ మందు తాగినట్టే అనిపించింది. ఆయన బృందం దానికి కారణమైన పదార్థాన్ని పట్టుకుని ‘ఓలియోకాంథాల్’ అని పేరుపెట్టి, 2005లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. వాపును తగ్గించడంలో అది ఐబుప్రొఫెన్ లాగే పనిచేస్తుంది. అయితే 50 గ్రాముల నూనె తాగినా దక్కేది పెద్దలు వేసుకునే ఐబుప్రొఫెన్ మోతాదులో పదోవంతుకు సమానమే. కనుక దీన్ని మందుగా కాదు, ఆహారంగానే చూడాలి.

● కాయ పచ్చిగా ఉన్నప్పుడే కోస్తే చేదు, ఘాటు నిండుగా ఉంటాయి, నూనె మాత్రం తక్కువ దిగుతుంది. ముందుగా కోసే చిన్న రైతు తెలిసి తెలిసి కొంత రాబడి వదులుకుంటున్నాడు. ఆ సీసా ధర వెనక ఉన్నది ఇదే.

● రుచి నిపుణులు నీలి రంగు గాజు గ్లాసుల్లో నూనె రుచి చూస్తారు. రంగు కనబడితే మనసు మోసపోతుందని. ఆకుపచ్చదనం నాణ్యతకు కొలమానం కాదు.

● ఆలివ్ నూనెల్లో మేలిశ్రేణి అయిన ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం మించకూడదు. ప్రయోగశాలలో నెగ్గితే చాలదు. 8 నుంచి 12 మంది రుచి చూసే బృందం ముక్కవాసనో, బూజువాసనో ఉందని తేలిస్తే ఆ హోదా దక్కదు.

● ఒకే రకం నూనె కావాలని తోటంతా ఒకే రకం నాటితే కాపే రాకపోవచ్చు. టస్కనీలోని లెచ్చీనో చెట్టుకు తన పుప్పొడి తనకు పనికిరాదు. పక్కన పెండోలీనో లాంటి మరో రకం ఉండాలి, గాలి దాని పుప్పొడిని మోసుకురావాలి.

● 2013లో పూలియా దక్షిణ కొసన, సాలెంటోలో జైలెల్లా అనే బాక్టీరియా బయటపడింది. చిన్న పురుగులు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోశాయి. లక్షలాది చెట్లు ఎండిపోయాయి, అందులో శతాబ్దాల నాటివీ ఉన్నాయి. ఒగ్లియరోలా, చెల్లీనా రకాలు కూలిపోతే లెచ్చీనో చాలావరకు తట్టుకుంది. తాతల నాటి మొదళ్ల మీద లెచ్చీనో అంట్లు కట్టి బతికించే ప్రయత్నాలూ జరిగాయి. రకం అన్నది రుచి సంగతే కాదు, ఆ కుటుంబాల బతుకు సంగతి.

● ఈ నూనె నిల్వ ఉంచితే మెరుగవదు. వెలుతురు, వేడి, గాలి దానికి శత్రువులు. సీసా మీద కోత ఏడాది చూసి, ముదురు రంగు గాజులో ఉన్నదే కొనండి. పూలియాలో ఎండిన పెద్ద చిక్కుడు గింజలను ఉడికించి మెదిపి, చేదు ఆకుకూర పక్కన పెట్టి, పైన ఈ నూనె పచ్చిగానే పోసుకుంటారు. వేడి ముద్దపప్పు మీదా ఒక చెంచాడు వేసి చూడండి.