ఊరికి బ్రాడ్‌బ్యాండ్ కావాలా? సర్కారు నిధులు ఎక్కడున్నాయి, ఎలా అడగాలి

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి తేదీ దగ్గరపడిందంటే చాలా పల్లెల్లో పిల్లలు బస్సెక్కి మండల కేంద్రానికి పోవాల్సిందే. అక్కడ నెట్ సెంటర్ ముందు క్యూ. సర్వర్ డౌన్ అంటే మళ్లీ రేపు రావాలి. ఈ-పాస్ అయినా, హజ్ దరఖాస్తు అయినా, రేషన్ కార్డు ఈ-కేవైసీ అయినా, వక్ఫ్ ఆస్తుల వివరాలు ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించడమైనా ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లోనే. బస్సు కిరాయి, నెట్ సెంటర్ ఫీజు, పోయిన కూలి కలిపి చూస్తే, ఇంట్లో ఇంటర్నెట్ లేని కుటుంబమే ఇంటర్నెట్‌కు ఎక్కువ ఖర్చు పెడుతోంది.

విచిత్రం ఏంటంటే, ఇలాంటి ఊళ్లు చాలావాటిలో పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ కేబుల్ ఎప్పుడో వచ్చింది. గోడకు ఒక పెట్టె, అందులో చిన్న మెషీన్. కొన్నిచోట్ల దాని లైటు వెలగదు. కొన్నిచోట్ల వెలుగుతుంది కానీ అక్కడి నుంచి ఇళ్లకు వైరు పోలేదు. ఆ మిగిలిన దూరానికి కూడా సర్కారు నిధులు ఉన్నాయి. అయితే అవి అడిగే పద్ధతిలో అడిగితేనే కదులుతాయి.

ఆ డబ్బు ఎక్కడిది?

గ్రామీణ టెలికాం కోసం కేంద్రం దగ్గర ప్రత్యేక నిధి ఉంది. 2002లో యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ పేరుతో మొదలైంది. 2023 టెలికాం చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. దీని రూల్స్ 2024 ఆగస్టులో వచ్చాయి. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు స్థూల ఆదాయంలో 5 శాతం ఈ నిధికి కట్టాలి. కంపెనీల ఆదాయం వచ్చేది జనం చేసే రీచార్జుల నుంచే. అంటే పల్లెలో వేసే రీచార్జులో కూడా ఈ నిధికి పోయే వాటా ఉంది. కాబట్టి ఊరివాళ్లు నెట్ అడగడం సర్కారును ఉపకారం అడిగినట్టు కాదు.

ఈ నిధితో నడిచే పెద్ద పథకం భారత్‌నెట్. 2011లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో కేంద్ర కేబినెట్ దీనికి ఒప్పుకుంది. దేశంలోని దాదాపు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ ఇవ్వాలన్నది అప్పటి లక్ష్యం. 2023 ఆగస్టులో కేబినెట్ ఈ పథకాన్ని సవరించి, మొత్తం వ్యయం రూ.1,39,579 కోట్లుగా ఆమోదించింది.

సవరించిన పథకంలో కొత్తగా ఏముంది?

మొదటిది రింగ్ పద్ధతి. ఇంతకుముందు కేబుల్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వరసగా పోయేది. మధ్యలో జేసీబీ తవ్వి తెగ్గొడితే ఆ తర్వాత ఊళ్లన్నీ బంద్. రింగ్‌లో ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి సిగ్నల్ వస్తుంది. ఒక దారి మూసేస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంకోవైపు నుంచి తిరిగి వచ్చినట్టు.

రెండోది నిర్వహణ. పదేళ్లపాటు కేబుల్ నిర్వహణ కూడా కాంట్రాక్టులోనే కలిసి ఉంటుంది. ప్రాజెక్టు పర్యవేక్షణ బాధ్యత బీఎస్ఎన్ఎల్‌ది.

మూడోది ఊరివాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన మాట. పంచాయతీ కేంద్రాలు కాని దాదాపు 3.8 లక్షల గ్రామాలకు అడిగిన మేరకు కనెక్షన్ ఇస్తామని పథకం చెబుతోంది. ‘అడిగిన మేరకు’ అన్న చోటే తేడా వస్తుంది. పంచాయతీ కేంద్రానికి అడగకపోయినా కేబుల్ రావాలి. దానికి మూడు కిలోమీటర్ల అవతల ఉన్న శివారు గ్రామం మాత్రం అడగాలి. అడిగినట్టు కాగితం మీద ఉండాలి.

ఊరి పేరు మీద చెక్కు రాదు

చాలామంది పొరబడేది ఇక్కడే. డిజిటల్ భారత్ నిధి డబ్బు గ్రామ కమిటీ ఖాతాలోనో, మసీదు కమిటీ ఖాతాలోనో, యువజన సంఘం ఖాతాలోనో పడదు. బిడ్డింగ్ ద్వారా గానీ, అర్హుల నుంచి దరఖాస్తులు పిలిచి గానీ ఎంపిక చేసిన సంస్థలకు పోతుంది. ఊరి పని డబ్బు తీసుకోవడం కాదు. ఆ పనుల జాబితాలో తన పేరు ఎక్కేలా చూసుకోవడం.

దీనికి మొదటి మెట్టు గ్రామసభ. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం కనీసం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అందులో తీర్మానం చేయించి మినిట్స్ పుస్తకంలో రాయించాలి. ‘మా ఊరికి ఇంటర్నెట్ కావాలి’ అని ఒక్క లైను రాస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. తీర్మానంలో ఇవి ఉంటే బరువు ఉంటుంది:

- ఊళ్లో మొత్తం ఇళ్లు ఎన్ని, నెలనెలా డబ్బు కట్టి కనెక్షన్ తీసుకుంటామని సంతకం చేసినవాళ్లు ఎందరు.
- స్కూలు, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం, రేషన్ షాపు, మీసేవ లేదా సచివాలయం, వీటిలో నెట్ ఉన్నవి ఏవి, లేనివి ఏవి.
- పంచాయతీ ఆఫీసులో భారత్‌నెట్ మెషీన్ ఉందా, పనిచేస్తోందా, ఎప్పటి నుంచి ఆగిపోయింది.
- అక్కడి నుంచి తమ గ్రామానికి ఎంత దూరం, దారిలో కరెంటు స్తంభాలు ఉన్నాయా.
- ఊరు తన వంతుగా ఏం ఇస్తుంది: మెషీన్ పెట్టడానికి తాళం ఉన్న గది, కరెంటు, తవ్వకానికి అనుమతి.

ఆఖరి పాయింటు చిన్నదిగా కనిపిస్తుంది కానీ లెక్క పెద్దది. ఫైబర్ వైరు ధర కన్నా దాన్ని వేయడానికి తవ్వే ఖర్చే ఎక్కువ. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా తీసుకుపోయింది. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కాలువల్లోనే కేబుల్ గొట్టాలు వేసుకుంది. ఊళ్లో సీసీ రోడ్డు గానీ డ్రైనేజీ గానీ మంజూరైతే, పని మొదలవకముందే కేబుల్ కోసం ఒక ఖాళీ గొట్టం వేయించమని అడగడం తెలివైన పని. రోడ్డు వేశాక అడిగితే ఆ రోడ్డునే పగలగొట్టాలి.

తీర్మానం కాపీ ఎంపీడీవోకు, కలెక్టరుకు, జిల్లా బీఎస్ఎన్ఎల్ ఆఫీసుకు ఇవ్వాలి. భారత్‌నెట్ రెండో దశ పనులు తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర కార్పొరేషన్ల చేతుల మీదుగా జరిగాయి కాబట్టి, తెలంగాణలో టీ-ఫైబర్‌కు, ఏపీలో ఫైబర్‌నెట్‌కు కూడా ఒక కాపీ పంపాలి. ప్రతి కాపీకి ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి. రసీదు లేకపోతే అడిగినట్టే లెక్క కాదు.

నెల బిల్లు ఎవరు కడతారు?

కేబుల్ వేయడం ఒకసారి పెట్టే ఖర్చు. దాన్ని నడపడం ప్రతి నెలా వచ్చే ఖర్చు. సర్కారు పథకాలు మొదటిదానికి బాగానే డబ్బు ఇస్తాయి. రెండోదాని దగ్గరే చాలా ఊళ్లలో లైటు ఆరిపోయింది. కరెంటు బిల్లు కట్టేవాళ్లు లేరు, పాడైతే ఫోన్ చేసేవాళ్లు లేరు.

దీనికి భారత్‌నెట్‌లో ఉద్యమి పద్ధతి ఉంది. స్థానికంగా ఉండే ఒక వ్యక్తి ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చి, రిపేర్లు చూసుకుని, వచ్చిన ఆదాయంలో సగం వాటా తీసుకుంటాడు. 2023లో నెలకు రూ.399 నుంచి ప్లాన్లు ఉండేవి. ఉదాహరణకు 50 ఇళ్లు రూ.399 ప్లాన్ తీసుకున్నాయి అనుకుందాం. పన్ను కాకుండా నెలకు రూ.19,950. అందులో సగం రూ.9,975. కేబుల్ టీవీ నడిపేవాళ్లకో, మొబైల్ షాపు ఉన్నవాళ్లకో ఇది పక్క ఆదాయంగా బాగుంటుంది. అదే 15 ఇళ్లయితే సగం వాటా మూడు వేలు కూడా దాటదు. ఆ మూడు వేల కోసం వర్షంలో స్తంభం ఎక్కేవాళ్లు ఎవరు?

అందుకే తీర్మానంలో సంతకాల సంఖ్య ముఖ్యం. రేపు ఊళ్లో నెట్ నిలబడుతుందా లేదా అన్నది ఆ అంకెను చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. సంతకం పెట్టించేటప్పుడే నెల ఖర్చు ఎంతో చెప్పాలి. ఫ్రీ అని చెప్పి పెట్టించుకున్న సంతకాలు మొదటి బిల్లు రాగానే మాయమవుతాయి.

మిగతా నిధులు

భారత్‌నెట్ ఒక్కటే దారి కాదు. చిన్న పనులకు వేరే డబ్బు ఉంది.

*పంచాయతీ నిధులు:* 15వ ఆర్థిక సంఘం (2021–26) పంచాయతీ గ్రాంట్లలో 60 శాతం మంచినీళ్లు, పారిశుధ్యానికి కట్టేసి, 40 శాతం స్థానిక అవసరాలకు వదిలింది. జీతాలకు, ఆఫీసు సిబ్బంది ఖర్చులకు అది వాడకూడదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం కాబట్టి ఇప్పటి లెక్క పంచాయతీ కార్యదర్శి దగ్గర తెలుసుకోవాలి. ఏ గ్రాంటు అయినా పని ముందుగా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కాలి. ఏటా అక్టోబరు 2 నుంచి ఈ ప్రణాళిక తయారీ మొదలవుతుంది. సంవత్సరం మధ్యలో వెళ్లి అడిగితే ‘ప్లాన్‌లో లేదు’ అనే జవాబే వస్తుంది.

*ఎంపీ నిధులు:* ప్రతి ఎంపీకి ఏడాదికి రూ.5 కోట్ల నిధి ఉంది. ఎంపీ సిఫార్సు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. ఇది మన్నికైన ప్రజా ఆస్తుల కోసం. నెల బిల్లులకు పనికిరాదు. లైబ్రరీకి గది, స్కూలుకు కంప్యూటర్లు లాంటివి అడగొచ్చు.

*మైనారిటీ ప్రాంతాలకు:* ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమ్ కింద మైనారిటీలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో చదువు, ఆరోగ్యం, నైపుణ్య శిక్షణకు సంబంధించిన కట్టడాలకు నిధులిస్తారు. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. ఫైబర్ కేబుల్ వేయడానికి ఇది కాదు. కానీ సర్కారు స్కూల్లో డిజిటల్ తరగతి గది అడగడానికి ఇది సరైన తలుపు. ప్రతిపాదన జిల్లా స్థాయి కమిటీ నుంచి రాష్ట్ర కమిటీకి, అక్కడి నుంచి ఢిల్లీకి పోతుంది. కాబట్టి మొదట కలవాల్సింది జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారిని.

పట్టణ బస్తీల సంగతి?

భారత్‌నెట్ పల్లెలకే. హైదరాబాద్ బస్తీలకో, కర్నూలు పాతబస్తీకో అది వర్తించదు. అక్కడ పనికొచ్చేది పీఎం-వాణి. 2020 డిసెంబరులో కేబినెట్ ఆమోదించిన ఈ పద్ధతిలో కిరాణా షాపు, చాయ్ హోటల్, లైబ్రరీ ఏదైనా పబ్లిక్ వైఫై ఇవ్వొచ్చు. ఒకప్పుడు ఎస్టీడీ బూత్ ఉన్నట్టు. తేడా ఏంటంటే, దీనికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. టెలికాం శాఖ దగ్గర నమోదైన ఒక అగ్రిగేటర్ సంస్థతో కలిస్తే చాలు. జనం చిన్న వోచర్ కొని వాడుకుంటారు.

ఇది సబ్సిడీ పథకం కాదు, రూటరు ఖర్చు షాపువాళ్లదే. ఇన్నాళ్లూ అడ్డం పడింది కంపెనీలు అడిగే లైను ఛార్జీలు. 2025 జూన్‌లో ట్రాయ్ దానికి హద్దు పెట్టింది. 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లను ఇలాంటి షాపులకు ఇచ్చేటప్పుడు మామూలు ధరకు రెట్టింపు మించకూడదని ఆదేశించింది. కాబట్టి కనెక్షన్ అడిగేటప్పుడు పీఎం-వాణి కోసమని స్పష్టంగా చెప్పి, ఆ రేటే అడగాలి.

జవాబు రాకపోతే

తీర్మానం ఇచ్చి నెలలు గడిచినా కదలిక లేకపోతే మూడు పనులు చేయొచ్చు. ఒకటి, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు. ‘మా పంచాయతీలో భారత్‌నెట్ పరికరం ఏ తేదీన పెట్టారు, ఇప్పుడు పనిచేస్తోందా, నిర్వహణ ఎవరిది’ అన్న మూడు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండు, కేంద్ర ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖ మీద ఫిర్యాదు. మూడు, జిల్లా దిశ కమిటీ. ఎంపీ అధ్యక్షతన కేంద్ర పథకాలను సమీక్షించే ఈ కమిటీలో తమ మండలం పేరు వినిపించేలా సభ్యులకు ముందుగానే కాగితం అందించాలి.

ఇదంతా చదివితే పెద్ద పనిలా అనిపించొచ్చు. నిజానికి మొదలు చిన్నదే. పంచాయతీ ఆఫీసుకు వెళ్లి ఆ పెట్టెలో లైటు వెలుగుతోందా చూడటం. వెలగకపోతే ఎప్పటి నుంచి ఆగిందో తేదీ రాసుకోవడం. వచ్చే గ్రామసభలో ఆ తేదీ చదివి వినిపించడం. చేతిలో తేదీ, సంతకాలు, రసీదు ఉన్న ఊరిని ‘చూద్దాం లే’ అని పంపేయడం ఏ ఆఫీసుకైనా కష్టమే.