మూకుడెక్కని డోనట్

అమెరికా వారి డోనట్ నూనెలో వేగును. డోనట్ మఫిన్ ఓవెనులో కాలును. అక్కడ మా అమ్మాయి ఇంట నేను తొలిసారి చేసినవి రాళ్ళవలె గట్టిపడినవి. లోపము నా ఉత్సాహానిది. పాలు, గ్రుడ్లు చేరిన గోధుమపిండిని ఎంత కలిపిన అంత సాగుగుణము హెచ్చును, మెత్తదనము పోవును.

"పాఠం చెప్పినంతసేపు కలిపావు తాతయ్యా!" అన్నాడు మనవడు.

రెండవమారు పిండి తడిసీ తడియకమునుపే చేయి తీసితిని. 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 20 నిమిషములకు పొంగి నిలిచినవి. వేగకనే డోనట్ పరిమళమెట్లు వచ్చెనందురా? జాజికాయ పొడి వలన! మన తాంబూలపు జాజికాయయే సుమా. పైపూత మాత్రము బాదుషా పాకము వంటిది కాదు, పొయ్యి ముఖమే చూడదు. చక్కెర పొడిని కొద్ది పాలతో జారుగా కలిపి, గోరువెచ్చని మఫిన్లను ముంచిన చాలును. ఆరి పొర కట్టును.

వైద్యుడు నూనె పిండివంటలు మాన్పించిన మా యింటావిడ ఒకటి తిని, ఏమియు అనక, రెండవదానికై చేయి చాచినది.