కొబ్బరి నీళ్లలో షుగర్ ఉండదా..? బొండాం తాగే ముందు ఇది తెలుసుకోండి!

ఎండ ముదిరితే చాలు.. ఏలూరు జిల్లా కామవరపుకోట వైపు అందరి చూపూ బొండాల బండి మీదే. మెట్టలో కొబ్బరి తోటలకు కొదవ లేదు కదా! కూల్‌డ్రింక్ మానేసిన షుగర్ పేషెంట్లూ బొండాం కొట్టించుకుంటున్నారు. మంచిదే. కానీ ‘ఇందులో షుగరే ఉండదు’ అనుకుంటే మాత్రం పొరపాటే.

100 మి.లీ. కోలాలో దాదాపు 10.6 గ్రాముల చక్కెర ఉంటే, కొబ్బరి నీళ్లలో కాయను బట్టి సుమారు 3 నుంచి 5 గ్రాములు ఉంటుంది. లెక్కేస్తే 300 మి.లీ. బొండాంలో రెండు నుంచి నాలుగు టీస్పూన్లు.. అదే కోలా అయితే ఎనిమిది! బొండాం తియ్యగా ఉందంటే చక్కెర కాస్త ఎక్కువున్నట్టే. తాటి నీరా, చెరకు రసం కూడా సహజమైనవే.. కానీ చక్కెరలో కోలాకు ఏమాత్రం తీసిపోవు.

అసలు భయపడాల్సింది కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు. షుగర్ ఏళ్లతరబడి ఉన్నవాళ్లలో చాలామందికి ఈ తిప్పలు ఉంటాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటకు పంపలేవు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కొన్ని రకాల బీపీ మాత్రలూ పొటాషియాన్ని పెంచుతాయి. ఇలాంటివాళ్లు డాక్టర్‌ని అడిగాకే తాగాలి.

ప్యాకెట్‌లో కొంటే లేబుల్‌పై ‘యాడెడ్ షుగర్’ ఎంతో చూడండి. కళ్లముందే కొట్టిన బొండాంకి ఆ గొడవ లేదు.