కవ్వానికి మోటారు బిగించే ముందు

ఏలూరు, తాడేపల్లిగూడెం బజారులలోని పాత్రల దుకాణాలలో మోటారు కవ్వం ఇప్పుడు అరుదైన వస్తువేమీ కాదు. గిన్నె మూతపై కూర్చునే చిన్న మోటారు, దాని నుండి కిందికి దిగిన స్టీలు కడ్డీ, కడ్డీ చివర నాలుగు రెక్కలు: నిర్మాణం అంతే. చెయ్యి నొప్పి లేకుండా చల్ల చిలకవచ్చునన్నది దాని ఆకర్షణ. అయితే ఎండలు ముదిరిన కొద్దీ దానిని గురించి వినిపించే ఫిర్యాదు కూడ ఒకటి ఉన్నది. నురగ లేస్తుంది గాని వెన్న పడదు. పడినా జిడ్డుగా గిన్నెకు అంటుకుంటుంది. మజ్జిగపై నూనె చుక్కలు తేలుతుంటాయి. మోటారు చాలలేదని భావించి మరింత శక్తిగలదానిని కొంటే ఫలితం మెరుగు పడకపోగా ఇంకా తగ్గుతుంది. కొల్లేటి సీమ వంటి ఉక్క ప్రాంతంలో వెన్న యంత్రపు రూపకల్పన వేగంతో మొదలు కారాదు. మొదట చల్లదనం, తరువాత తిరుగుడు దిశ, ఆ తరువాతనే వేగం ఆలోచించవలసి ఉంటుంది.

పాత పద్ధతిని ఒకసారి ఇంజనీరు కంటితో చూడటం అవసరం. తరికంబానికి, అనగా కవ్వపు గుంజకు, ఆనించి కవ్వాన్ని నిలబెడతారు. దానికి తరిత్రాటిని రెండు మూడు చుట్లు చుట్టి, కొసలను చెరొక చేతితో మార్చి మార్చి లాగుతారు. కుడి చెయ్యి లాగినప్పుడు కవ్వం ఒక దిక్కుకు, ఎడమ చెయ్యి లాగినప్పుడు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. వాసుకిని తాడుగా చేసి దేవదానవులు చెరొకవైపు లాగిన పురాణ కథలోనూ యంత్రాంగం ఇదే. కవ్వపు కోల వ్యాసం 3 సెం.మీ. అనుకొందాం. దాని చుట్టుకొలత దాదాపు 9.4 సెం.మీ. ఒక్కొక్క లాగుకు 45 సెం.మీ. తాడు కదిలితే కవ్వం దాదాపు 5 చుట్లు తిరుగుతుంది. రెండు చేతులవి కలిపి నిమిషానికి 60 లాగులు పడితే సగటు వేగం నిమిషానికి 290 చుట్ల దాపున ఉంటుంది. కవ్వపు తల వ్యాసం 10 సెం.మీ. అయితే దాని అంచు వేగం సెకనుకు సుమారు 1.5 మీటర్లు.

ఈ లెక్కలో 290 చుట్ల కంటె ముఖ్యమైనది, నిమిషానికి 60 సార్లు దిశ మారడం. గుండ్రని పాత్రలో కవ్వం ఒకే దిక్కుకు తిరుగుతూ పోతే కొద్దిసేపటికి పెరుగంతా కవ్వంతో పాటే తిరగడం మొదలుపెడుతుంది. నడుమ సుడి ఏర్పడుతుంది. చూడటానికి వేగంగా కనిపించినా ద్రవంలో ఒక భాగానికి మరొక భాగానికి మధ్య రాపిడి తక్కువ. పైగా సుడి లోతుగా దిగి గాలిని లోపలికి లాగి నురగను పెంచుతుంది. దిశ మారిన ప్రతిసారీ ఆ ప్రవాహం ఎదురు దెబ్బ తిని విరుగుతుంది. కొవ్వు గోళికలు ఒకదానికొకటి ఢీకొనేది ప్రధానంగా అక్కడే.

దిశ మార్చలేని యంత్రానికి వేరొక ఉపాయం ఉన్నది. పాత్ర గోడలకు లోపల నిలువుగా అడ్డుపట్టీలు అమర్చితే సుడి నిలవదు. ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశాబ్దాలలో అమెరికాలోని సెయింట్ లూయిస్ నుండి వచ్చి ఇంటింటా వాడుకలోకి వెళ్లిన డేజీ చిలుకుడు యంత్రంలో గాజు జాడీ గుండ్రంగా ఉండదు, మూలలు మొద్దుబారిన చతురస్రంగా ఉంటుంది. ఆ మూలలే అడ్డుపట్టీల పని చేస్తాయి. ఇక దిశ మార్చే మోటారు అంటే అపురూపమైనదేమీ కాదు. బట్టలు ఉతికే యంత్రంలో కొన్ని సెకన్లకొకసారి అటూ ఇటూ తిరిగే చక్రం మనందరి ఇండ్లలో ఉన్నదే. 

వేగం పెంచితే ఏమవుతుందో చూద్దాం. ఇటువంటి కలుపుడు యంత్రాలలో ప్రవాహం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు కావలసిన శక్తి వేగపు ఘనానికి అనుపాతంగా పెరుగుతుంది. అదే తల, అదే పాత్ర ఉంచి వేగాన్ని 290 చుట్ల నుండి 1400 చుట్లకు పెంచితే వేగం ఐదు రెట్ల లోపే, శక్తి మాత్రం వంద రెట్లకు పైమాటే. అంత మోటారు ఎవరూ పెట్టరు. బదులుగా తలను చిన్నది చేస్తారు. చిన్న తల, పెద్ద వేగం కలిస్తే అది గిలకొట్టే యంత్రమవుతుంది గాని చిలికే యంత్రం కాదు. పైగా చిలకడానికి వాడిన శక్తి యావత్తూ చివరకు వేడిగా మారి పెరుగులోనే మిగులుతుంది. 10 కి.గ్రా. పెరుగులోకి 100 వాట్ల శక్తి 20 నిమిషాలు ప్రవహిస్తే 120 కిలోజౌళ్లు. పెరుగు విశిష్టోష్ణాన్ని 3.9గా తీసుకొంటే ఉష్ణోగ్రత 3 డిగ్రీలు పెరుగుతుంది. చేతితో 25 వాట్ల చొప్పున అరగంట చిలికినా పెరిగేది ఒక డిగ్రీ చిల్లర మాత్రమే. చల్లని దేశాలలో ఈ 3 డిగ్రీలను ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ఏలూరు మే నెలలో అవి వెన్నకు, నూనెకు మధ్యనున్న తేడా.

కారణం పాలకొవ్వు స్వభావంలోనే ఉన్నది. అది ఒకే ఉష్ణోగ్రత వద్ద కరిగే పదార్థం కాదు. 10 డిగ్రీల వద్ద దాదాపు సగం గట్టిగా ఉంటుంది. 20 డిగ్రీల వద్ద ఐదవ వంతు దాపు. 30 డిగ్రీలకు మిగిలేది చాలా కొద్ది. 40 డిగ్రీలు చేరక ముందే అంతా ద్రవం. గేదె కొవ్వులో గట్టి భాగం ఆవు కొవ్వులో కంటె కొంత ఎక్కువ, కొవ్వు గోళికలు కూడ పెద్దవి. అందువల్ల గేదె పెరుగు చిలకడం కొంత సులభం. ప్రతి గోళిక చుట్టూ సన్నని పొర ఉంటుంది. లోపల ఏర్పడిన సూదుల వంటి స్ఫటికాలు చిలికినప్పుడు ఆ పొరను చీల్చుకొని పక్క గోళికలో గుచ్చుకుంటాయి. ద్రవంగా ఉన్న కొవ్వు వాటి నడుమ జిగురుగా పనిచేస్తుంది. ఆ విధంగా గోళికలు గుత్తులై, గుత్తులు గింజలై పైకి తేలుతాయి. స్ఫటికాలే లేకపోతే గోళికలు ఢీకొని విడిపోతాయి, లేదా కలిసి నూనె చుక్కలవుతాయి. మరీ గట్టిపడితే జిగురు చాలక ఎంత చిలికినా గింజ కట్టదు.

మన ఇల్లాండ్రకు ఈ విషయం వేరొక భాషలో ఎప్పటి నుండో తెలుసు. ధనుర్మాసపు తెల్లవారుజామున వెన్న పడకపోతే గోరువెచ్చని నీళ్లు పోస్తారు. వేసవిలో తెల్లవారకముందే చిలకడం ముగించి, చన్నీళ్లు చల్లుతారు. మట్టికుండ చెమర్చి చల్లబడుతుందన్న నమ్మకాన్ని మాత్రం ఈ ప్రాంతంలో కొంత తగ్గించి చూడాలి. కుండ చల్లదనం గాలి పొడితనాన్ని బట్టి ఉంటుంది. సముద్రపు తేమ, కొల్లేటి తేమ, చెరువుల తేమ కలిసిన గాలిలో కుండకు చెమర్చే అవకాశం తక్కువ. పైగా ఏళ్ల తరబడి చల్ల చిలికిన కుండ రంధ్రాలు నేతి జిడ్డుతో పూడుకుపోయి ఉంటాయి.

అయితే ఈ సీమకు ఒక సదుపాయం ఉన్నది: మంచు. చేపల ఎగుమతి పుణ్యమా అని మంచు దిమ్మె ఇక్కడ సులభంగా దొరుకుతుంది. 10 కి.గ్రా. పెరుగును 30 డిగ్రీల నుండి 18 డిగ్రీలకు దించడానికి తీయవలసిన వేడి సుమారు 470 కిలోజౌళ్లు. ఒక కిలో మంచు కరిగి, ఆ నీరు 18 డిగ్రీలకు చేరే వరకు 400 కిలోజౌళ్లకు పైగా పీల్చుకుంటుంది. లెక్క ప్రకారం కిలోంబావు లోపే చాలు. బయటి నుండి చొరబడే వేడిని కూడ కలుపుకొంటే రెండు, రెండున్నర కిలోలు. చేపల కోసం తయారైన మంచు తినదగినది కాదు కనుక దానిని పెరుగులో వేయరాదు. కనుక యంత్రపు పాత్రకు రెండు గోడలు ఉండాలి. మంచు వాటి నడుమ ఉండాలి. బయటి గోడకు థర్మోకోల్ వంటి ఉష్ణ నిరోధకం చుట్టాలి. చల్లబడిన మరుక్షణమే కొవ్వులో స్ఫటికాలు ఏర్పడవు. అందుకు గంటల కాలం పడుతుంది. రాత్రి తోడువేసిన పెరుగు గట్టిపడిన తరువాత ఫ్రిజ్‌లోగాని, మంచు నింపిన ఈ పాత్రలోగాని కొన్ని గంటలు ఉంచి, ఆపైన చిలకాలి. మోటారు శక్తిలో ఆదా చేసిన డబ్బును ఈ రెండవ గోడకు వెచ్చించడం మేలని ఈ రచయిత అభిప్రాయం.

యంత్రం మంచిదో కాదో తేల్చేది మజ్జిగ. 10 కి.గ్రా. గేదె పెరుగులో 7 శాతం చొప్పున 700 గ్రాముల కొవ్వు ఉన్నదనుకొందాం. చిలికేటప్పుడు పోసిన నీళ్లతో కలిపి 14 కి.గ్రా. మజ్జిగ మిగిలి, అందులో కొవ్వు 1 శాతం ఉంటే పోయిన కొవ్వు 140 గ్రాములు, అనగా అయిదింట ఒక వంతు. అదే 0.7 శాతమైతే పోయినది 98 గ్రాములు. నాటు పద్ధతిలో చేతికి వచ్చే కొవ్వు 80 నుండి 85 శాతమని డెయిరీ పాఠ్యగ్రంథాలు చెప్పేది ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. దశాంశ బిందువు తరువాతి ఈ చిన్న అంకెను గెర్బర్ పరీక్షతో ఏ పాల సేకరణ కేంద్రంలోనైనా తెలుసుకోవచ్చు. అయినా యంత్రాలకు అతికించే చీటీపై గంటకు ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు అన్నవే కనిపిస్తాయి. చిన్న ఆహార శుద్ధి సంస్థల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకం కింద 35 శాతం రాయితీతో యంత్రం కొనదలచిన మహిళా సంఘానికి సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త మొదట అడగవలసినది మాత్రం ఈ మూడవ అంకె: 35 డిగ్రీల గదిలో చిలికిన తరువాత మజ్జిగలో మిగిలిన కొవ్వు ఎంత?

పాల నుండి మీగడను యంత్రంతో వేరుచేసి, ఆ మీగడనే చిలికితే నష్టం తగ్గుతుంది కదా అన్న ప్రశ్న సహజం. 1878లో స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావాల్ తెచ్చిన మీగడ యంత్రం తరువాత ప్రపంచమంతటా డెయిరీలు ఆ దారినే నడిచాయి. దానికి తగినది దొర్లే పీపా. పీపా మరీ వేగంగా తిరిగితే మీగడ గోడకు అంటుకుపోయి పడటం మానివేస్తుంది. అర మీటరు వ్యాసం గల పీపాకు ఆ హద్దు నిమిషానికి 60 చుట్లు. 40 చుట్ల దాపున, సగం వరకే నింపి తిప్పడం మంచిది. రోజుకు వంద లీటర్లకు మించి పాలు చేరే సంఘానికి ఇది సరియైన మార్గమే. ఒకటి రెండు గేదెలున్న ఇంటికి మాత్రం కాదు. ఆ ఇంటికి వెన్న ఎంత ముఖ్యమో మజ్జిగా అంతే ముఖ్యం. "చల్లకొచ్చి ముంత దాచినట్లు" అన్న సామెత పుట్టింది ఇరుగుపొరుగుకు చల్ల పోసే ఊళ్లలోనే. మేత బయళ్లు చేపల చెరువులైన లంక గ్రామాలలో పాడి చిన్నదైపోయింది. 5 నుండి 10 లీటర్ల పెరుగును చిలికే యంత్రమే అక్కడి అవసరం.

తయారీకి కావలసిన పనితనం ఈ ప్రాంతంలో పుష్కలంగా ఉన్నది. చెరువులలో తిరిగే ఏరేటర్లను బాగుచేసే మెకానిక్కు 1440 చుట్ల మోటారును గేర్లతో నిమిషానికి వంద చుట్ల స్థాయికి దించడం నిత్యకృత్యం. ఏరేటరు పని గాలిని వీలైనంతగా నీటిలో కలపడం. కవ్వం పని అది కాదన్న ఒక్క సంగతి అతనికి చెబితే చాలు. చిలకడానికి కొంత గాలి అవసరమే. మొదట బుడగల చుట్టూ కొవ్వు చేరుతుంది, బుడగలు పగిలినప్పుడు గుత్తులు కడుతుంది. ఆ నురగ విరగడానికి పాత్రలో మూడవ వంతైనా ఖాళీ వదలాలి. కరెంటు నమ్మకం లేని చోట కారు అద్దాలు తుడిచే 12 వోల్టుల మోటారును తీసుకోవచ్చు. దాని వేగం తక్కువే గాని, తుడుపు కర్రను అటూ ఇటూ ఆడించే కడ్డీల అమరిక దానితోనే వస్తుంది. ఆ ఊపును పెద్ద పళ్లచక్రం, చిన్న పళ్లచక్రంతో పెంచితే కవ్వానికి కావలసిన ఎదురుబొదురు తిరుగుడు లభిస్తుంది. ఒక బ్యాటరీ, చిన్న సౌరఫలకం దానికి చాలు.

పాత్రకు 304 రకం స్టీలు తగినది. రాగి, ఇనుము పెరుగు పులుపుకు కరిగి నేతికి ముక్కవాసన తెస్తాయి. నున్నగా మెరిసే గోడకు వెన్న అంటుకుంటుంది కనుక పెద్ద డెయిరీలలో స్టీలు పీపాల లోపలి గోడను ఇసుకతో కొట్టి గరుకు చేస్తారు. ఆ గరుకులో నీటి పొర నిలిచి వెన్నను అంటనివ్వదు. తలను మాత్రం కర్రతోనే చేసి, నీటిలో నానబెట్టి వాడటంలో తప్పేమీ లేదు. కడ్డీకి, తలకు మధ్య అతుకు విప్పి కడగడానికి వీలుగా ఉండాలి. లేకుంటే వారం తిరగకుండానే అక్కడ పుల్లని కంపు మొదలవుతుంది. వెన్నను కడిగే నీరు తాగునీరే కావాలి. చుట్టూ నీరున్నా తాగే నీరు కొనుక్కొనే లంకలలో ఈ ఖర్చును కూడ లెక్కలో వేసుకోవాలి.

మిగిలినది ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న. చేతితో చిలికేవారు శబ్దాన్ని బట్టి పోల్చుకుంటారు. మొదట బరువుగా, తరువాత నురగతో మెత్తగా, వెన్న విరిగిన క్షణాన నీళ్ల చప్పుడుగా కుండ పలుకు మారుతుంది. తాడు చేతికి తేలిక అవుతుంది. మోటారు మోతలో ఆ శబ్దం వినిపించదు. ఆపడం ఆలస్యమైతే గింజలు ముద్దై మజ్జిగను లోపలే దాచుకుంటాయి. ఆ వెన్న కాచినప్పుడు గోకుడు ఎక్కువ, నెయ్యి తక్కువ. పాత పీపా యంత్రాలకు మూతలో అరచేతి వెడల్పు కూడ లేని గుండ్రని గాజు కన్ను ఉండేది. చిలుకుతున్నంతసేపు అది మీగడ పూతతో తెల్లగా ఉండి, వెన్న విరగగానే పలుచని మజ్జిగ దానిని కడిగివేయడంతో తేటపడేది. మన పాత్ర మూతకూ అటువంటి కన్ను ఒకటి పెడితే, వంటింట్లో మరొక పనిలో ఉన్న ఇల్లాలు దూరం నుండే చూసి స్విచ్చి ఆపగలదు.