నల్లని పక్కు

కార్తికమాసము వచ్చుసరికి, విశాఖపట్టణమును చుట్టియున్న కొండలు వానకాలపు నీటిని తనివిదీర త్రాగి, సింహాచలము మొదలు యారాడ వరకును మోకాలెత్తు గడ్డితోను దట్టమైన పొదలతోను నిండియుండును. ఆ పచ్చదనమునకు మనసు పారవేసికొన్న నగరవాసులు, ఉసిరిచెట్టు నీడను వెదకుకొనుచు, ముడసర్లోవకును కంబాలకొండకును సకుటుంబముగా వనభోజనములకు తరలివెళ్ళి, నేలమీదనే చాపలు పరచుకొని, పులిహోర పొట్లములు విప్పుకొని, పిల్లలను పొదల మాటున దాగుడుమూతలకు వదలిపెట్టుదురు. సరిగా ఆ కాలముననే, అనగా వానలు ముదిరిన నాటినుండి చలి ముదురు నాటివరకు, ఈ ప్రాంతపు ఆసుపత్రులలో ఒక జ్వరము తల యెత్తుచుండును. పురుగు కాటువలన వచ్చు ఆ జ్వరము పేరు స్క్రబ్ టైఫస్. 2025 సంవత్సరాంతమున విజయనగరమునుండియు, విశాఖపట్టణమునుండియు, రాష్ట్రములోని ఇతర జిల్లాలనుండియు దాని వార్తలు పత్రికలకెక్కి ప్రజలను కలవరపెట్టినవి గాని, అది నిన్న పుట్టిన వ్యాధి కాదు. మన కొండలయందును బంజరులయందును చిరకాలముగా కాపురమున్నదే.

అయినను, పురుగు కరచినదనగానే మన మధ్యతరగతి గృహములలో మొదట వినబడు పేరు ఇది కాదు, పిడుదు కాటువలన వచ్చు లైమ్ వ్యాధి. ఉక్కు కర్మాగారములోనో రేవులోనో పనిచేసి విశ్రాంతి పొందిన తల్లిదండ్రులకు, కుమారుడో కుమార్తెయో న్యూజెర్సీలోనో కనెక్టికట్‌లోనో స్థిరపడియుండుట ఈ నగరమున సర్వసాధారణము. వేసవిలో ఒకనాటి రాత్రి అక్కడినుండి ఫోను వచ్చును: “అమ్మా, పాప చెవి వెనకాల పురుగు కరుచుకుని ఉంది. లైమ్ వస్తుందేమోనని భయంగా ఉంది.” ఆ భయము సముద్రములు దాటి వచ్చి ఇక్కడి ఇంటిలోను తిష్ఠ వేయును, మరునాడు పెంపుడు కుక్క మెడమీద పిడుదు కనబడినంతనే ఇంటిల్లిపాదియు ఉలికిపడుదురు.

అక్కడ ఆ భయము న్యాయమైనదే. 1975లో, కనెక్టికట్ రాష్ట్రమునందలి లైమ్ అను చిన్న పట్టణమున, పిల్లలు పలువురు ఒక్కసారిగా మోకాళ్ళు వాచి మంచమెక్కుచుండగా, అది యాదృచ్ఛికము కాదని పట్టుపట్టి, ఆరోగ్యశాఖాధికారులను నిద్ర మేల్కొలిపినవారు ఇద్దరు తల్లులు. విజ్ఞానులు తరువాత వచ్చిరి. విలీ బర్గ్‌డార్ఫర్ అను పరిశోధకుడు జింకల పిడుదుల కడుపులో మరమేకు రూపమున మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని కనుగొన్న వార్త 1982లో వెలువడెను. నేడు అమెరికాలో ఏటేట సుమారు 4,76,000 మంది ఈ వ్యాధికి చికిత్స పొందుచున్నారని అచ్చటి వ్యాధినియంత్రణ సంస్థ అంచనా. కనుక అక్కడ నివసించు మన పిల్లలు తెలిసికొనవలసినది, మొట్టమొదట, పిడుదును తీయు విధానము: సన్నని మొనలుగల పట్టకారుతో దానిని చర్మమునకు వీలయినంత సమీపమున పట్టి, మెలిత్రిప్పక, నిలుకడగా నిట్టనిలువుగా లాగి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను. అగ్గిపుల్లతో కాల్చుట, కిరసనాయిలు పోయుట, వాజిలైను పూయుట కూడదు. అవి పురుగును చీకాకుపరచి, దాని నోటి స్రావమును గాయములోనికే వదలింపజేయును. లైమ్ క్రిమి మనిషిలోనికి ప్రవేశించుటకు సాధారణముగా పిడుదు ఒక దినమునకు పైగా అంటిపెట్టుకొని యుండవలెను. కావున సాయంకాలమే చూచి తీసివేసినవారికి అపాయము స్వల్పము. 36 గంటలకు పైగా పట్టుకొనియున్నచో, తీసిన 72 గంటలలోపల వైద్యుని సలహాతో 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఒక్క మోతాదు తీసికొను పద్ధతి అక్కడ కలదు. తరువాత మూడు దినములు మొదలు ముప్పది దినములవరకు చర్మముపై ఎఱ్ఱని వలయము విస్తరించుచున్నదేమో కనిపెట్టియుండవలెను.

మన కుక్క మెడమీది పిడుదు వేరు జాతిది. లైమ్ కేసులు భారతదేశమున అక్కడక్కడ, వయనాడు వంటి చోటులనుండి, వైద్యపత్రికలకెక్కినవి గాని, ఆంధ్రతీరమున అది తలచి తలచి కుమిలిపోవలసిన వ్యాధి కాదు. కుక్కల పిడుదువలన వచ్చు, ఒంటిమీద దద్దుర్లు లేచు జ్వరము, అనగా టిక్ టైఫస్, మన దేశమున కలదు. 1957లో శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపడగా వెల్లడియైన పిడుదుజ్వరము పశ్చిమకనుమలలో నేటికిని ప్రాణములు తీయుచున్నది. పిడుదు కరచినవారు దానిని పై చెప్పిన రీతిగా తీసివేసి, మూడువారముల వరకు జ్వరము వచ్చునేమో చూచుకొనిన చాలును. ముందుగానే మందులు మింగనక్కరలేదు.

విశాఖలో అసలైన అపాయము కంటికి కనబడు పిడుదునందు లేదు. అది చిగ్గర్ అని పిలువబడు మరియొక పురుగుపిల్లయందు కలదు. నిడివి మిల్లీమీటరులో సుమారు ఐదవ వంతు, ఆరు కాళ్ళు, నారింజ ఎఱుపు రంగు. గడ్డిపరక కొననో, పొద మొదటి ఎండుటాకు మీదనో కూర్చుండి, ఆ దారిని పోవు ఎలుకకై వేచియుండును. ఎలుకకు బదులు మనిషి కాలు తగిలినచో ఆ కాలినే పట్టుకొని ప్రాకుచు, బట్ట బిగుతుగా నున్న చోట, చర్మము పలుచగా తేమగా నున్న చోట ఆగును. అది రక్తము త్రాగదు. తన లాలాజలముతో చర్మకణములను కరగించి ఆ ద్రవమును మాత్రము పీల్చుకొని, రెండు మూడు దినములకు రాలిపోవును. దాని జీవితములో ఇట్టి భోజనము ఒక్కమారే. పెరిగి ఎనిమిది కాళ్ళదయిన పిమ్మట మట్టిలోని చిన్నపురుగుల గ్రుడ్లు తినుచు కాలము గడపును, జంతువుల జోలికిగాని మనుష్యుల జోలికిగాని రాదు. అయితే దాని దేహమునందు ఓరియెన్షియా సుట్సుగముషి అను సూక్ష్మజీవి వంశపారంపర్యముగా, తల్లినుండి గ్రుడ్డులోనికి, గ్రుడ్డునుండి పిల్లలోనికి దిగుచుండుటచేత, ఒకచోట ఆ సంతతి స్థిరపడినచో ఆ చోటు ఏండ్లతరబడి జ్వరస్థానమై నిలుచును. కొద్ది అడుగుల ఆవలి నేల నిరపాయముగా నుండవచ్చును. ఇట్టి ద్వీపములు అడవియందే యుండవలెనను నియమము లేదు. గాజువాక మొదలు పరవాడ వరకును, అటు మధురవాడ దిక్కునను, కొనిపెట్టి కట్టక వదలివేసిన స్థలములలో లేచిన పొదలు, వాటి ప్రక్కన చెత్తకుప్ప, దానిని నమ్ముకొనిన ఎలుకలు — ఈ మూడును కలిసిన చోట నగరమధ్యముననే ఆ పురుగునకు అనువైన నెలవు ఏర్పడును. కడుపుకోసము ఆ నేలను త్రొక్కువారు, అనగా పొదలు నరకు కూలీలు, పశువులకు గడ్డి కోయు ఇల్లాండ్రు, వంటకట్టెలకు పోవు ముసలివారు, వనభోజనములకు పోవువారికంటె అధికముగా దాని వాతబడుచున్నారని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ జ్వరమును ప్రపంచము గట్టిగా గుర్తించినది రెండవ ప్రపంచయుద్ధములో. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు మన రేవుపై బాంబులు కురిపించిన ఆ కాలముననే, అస్సాము బర్మా సరిహద్దుల పొదలలో పోరాడుచున్న సేనలను శత్రువు తుపాకులతోపాటు ఈ జ్వరము కూడ కూల్చుచుండెను. అప్పటికి దానికి మందు లేదు; సైనికుల బట్టలకు పురుగును తరుము రసాయనములు పట్టించుటయే గతి. 1948లో మలయాలో జరిగిన ప్రయోగములలో క్లోరాంఫెనికాల్ ఈ వ్యాధిని లొంగదీసెను. అదే 1948లో, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునుండి ఆరియోమైసిన్ వెలువడెను. మట్టిలోని సూక్ష్మజీవినుండి దానిని సాధించినవాడు బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనలకు అధిపతి భీమవరమున పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ సంవత్సరము ఆగస్టులోనే ఆయన కన్నుమూసెను. నేడు లైమ్‌కును స్క్రబ్ టైఫస్‌కును గూడ వైద్యులు మొదట చేతబట్టు డాక్సీసైక్లిన్ ఆరియోమైసిన్‌తో మొదలైన టెట్రాసైక్లిన్ కుటుంబములోనిదే. న్యూజెర్సీలోని మనుమరాలికిని, పాడేరు కొండమీద గడ్డి కోయు తల్లికిని ఒకే తెలుగువాని ప్రయోగశాలలో మొలకెత్తిన ఔషధవంశము రక్షయగుట నా మనసును మిక్కిలి కదలించు విషయము.

మందు ఉన్నది, చవుక, గ్రామములోని మందుల దుకాణమునను దొరకును. మఱి మనుష్యులెందుకు చనిపోవుచున్నారు?

కుట్టిన పదిపన్నెండు దినములకు తీవ్రజ్వరము, తలనొప్పి, ఒళ్ళునొప్పులు మొదలగును. కుట్టినది పురుగని రోగికి తెలియదు, ఏలయన కుట్టినప్పుడు నొప్పియు లేదు, దురదయు లేదు. “నాలుగు దినాలై జొరం ఒదల్లేదు బాబూ” అని గడ్డి కోయు ఆ తల్లి ఊరి వైద్యుని యొద్దకు పోవును. ఆయన ఒక సూది వేయును. విడాల్ పరీక్షలో ఏదో ఒక సంఖ్య వచ్చును, టైఫాయిడ్ అందురు; రక్తములో ప్లేట్‌లెట్లు తగ్గియుండును, డెంగీ అందురు, బొప్పాయి ఆకు రసము త్రాగింతురు. స్క్రబ్ టైఫస్‌లోను ప్లేట్‌లెట్లు తగ్గునని ఎవరికిని జ్ఞప్తికి రాదు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతుల సూదిమందులు, ఎంత ఖరీదైనవైనను, ఈ క్రిమిని తాకనే తాకవు. ఇట్లు మొదటివారము గడచిపోవును. రెండవవారమున ఊపిరితిత్తులలో నీరు చేరును, మూత్రపిండములు మందగించును, మెదడు వాచి రోగి కలవరించును. అప్పుడు, మన్యమునుండియు ఒడిశా సరిహద్దునుండియు అంబులెన్సులు కింగ్ జార్జి ఆసుపత్రివైపు పరుగెత్తును. చికిత్స అందనివారిలో నూటికి ముప్పదిమంది వరకు మరణించిన సందర్భములు కలవు.

ఆ మొదటివారములోనే రోగి దేహము తన జబ్బు పేరును తానే చెప్పుచుండును. పురుగు కరచిన చోట, చుట్ట నిప్పు తగిలి కాలినట్లు, నడుమ నల్లని పక్కు కట్టి చుట్టును ఎఱ్ఱగా నుండు ఒక మచ్చ ఏర్పడును. అది అందరిలోను ఏర్పడదు. అది లేనంతమాత్రమున జబ్బు లేదని అనరాదు. కాని అది కనబడినచో, జ్వరముతోనున్న రోగియందు దానికి సాటియైన ఆనవాలు వేరొకటి లేదు. అయితే అది ఎక్కడ ఉండును? చంకలో, గజ్జలో, స్తనముల క్రింద, చీర బిగించి కట్టిన నడుముచుట్టును, చెవి వెనుక, పిరుదుల నడుమ, మర్మస్థానములలో. తేమగల మడతలలో నల్లగా గాక పాలిపోయిన పుండువలె నుండి మఱింత మభ్యపెట్టును. నొప్పి లేదు గనుక రోగి చెప్పదు. చెప్పుటకు సిగ్గు గనుక తెలిసినను చెప్పదు. కిక్కిరిసిన ఓపీలో, బల్లకావల నిలుచున్న స్త్రీని, తెర లేదు, ప్రక్కన నర్సు లేదు, వెనుక వరుస పెరుగుచున్నది, వైద్యుడు ఏమని బట్ట సడలింపుమనును? నాడి చూచి, చీటి వ్రాసి పంపివేయును. మన మర్యాద, మన తొందర, ఈ రెండును కలిసి ఒక తల్లిని చంపుచున్నవి. ఆ మచ్చను చూచుటకు యంత్రములు అక్కరలేదు, విదేశీ నిపుణులు అక్కరలేదు. ఒక తెర, ఒక నర్సు, మూడు నిమిషముల కాలము కావలెను.

అంతకుముందే, ఇంటిలో, వెలుతురున్నచోట, తల్లిని కూతురును, భర్తను భార్యయు, పిల్లలను అమ్మమ్మయు తలనుండి పాదములవరకు చూడవచ్చును. ఐదు దినములైనను తగ్గని జ్వరముతో ఆసుపత్రికి పోవువారు, తాము ఈమధ్య పొదలలో తిరిగితిమనియో, పెరటిలో కలుపు తీసితిమనియో, కొండకు పోయితిమనియో తమంతట తాము చెప్పి, “స్క్రబ్ టైఫస్ అయి ఉండవచ్చునా అండీ?” అని నోరువిప్పి అడుగవలెను. ఐజీఎం ఎలైసా పరీక్ష సాధారణముగా మొదటివారము కడపటగాని పట్టుకొనదు. అందుచేతనే సందేహము బలముగా నున్నచో, ఫలితమునకై వేచియుండక మందు మొదలిడవలెనని భారత వైద్యపరిశోధన మండలి మార్గదర్శకములు చెప్పుచున్నవి. పెద్దవారికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, వారము దినములు, గర్భిణీలకు అజిత్రోమైసిన్, పిల్లలకు బరువునుబట్టి వైద్యుడు నిర్ణయించును. సాధారణముగా 48 గంటలలో జ్వరము దిగిపోవును. దిగనిచో వేరు కారణమును వెదకవలెను. స్థితి విషమించినవారి విషయమున, వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యుల ఆధ్వర్యమున ఏడు భారతీయ ఆసుపత్రులలో 794 మంది రోగులపై జరిగి 2023లో ప్రచురింపబడిన పరిశోధన, ఆ రెండు మందులను కలిపి నరములోనికి ఎక్కించుటయే ఒక్కొక్కదానికంటె మేలని నిరూపించినది.

ఈ వ్యాధికి టీకా లేదు. మనిషినుండి మనిషికి అంటదు గనుక రోగిని వెలివేయ పనిలేదు. గడ్డిలోనికి పోవువారు నిండుచేతుల చొక్కాయు, పాదములు మూయు చెప్పులును వేసికొనుట, ఉతికిన బట్టలను గడ్డిమీదను పొదలమీదను ఆరవేయకుండుట, ఇంటికి వచ్చినంతనే బట్టలు విడిచి సబ్బుతో రుద్దుకొని స్నానము చేయుట, ఇవి చాలవరకు కాపాడును. పురుగు చోటు కుదుర్చుకొనుటకు కొంతసేపు ప్రాకుచుండును గనుక ఆ స్నానమునకు విలువ కలదు. బంజరు స్థలములలో పొదలు కొట్టించుట స్థలపు యజమానుల చేతను, చెత్త తీయించుట నగరపాలక సంస్థ చేతను జరుగవలసిన పనులు. వానలు వెలిసిన పిమ్మట కాక, వానలకు ముందే జరుగవలెను.

ఆశా కార్యకర్త జ్వరపు సర్వేకు ఇంటింటికి వచ్చినపుడు ఉష్ణమానమును వ్రాసికొని వెడలిపోవుచున్నది. శ్రావణమునుండి పుష్యమువరకు, ఆ పుస్తకములో “పక్కు కలదా” అను గడి ఒకటి చేర్చి, ఆమెకు ఆ మచ్చల పటములు చూపి నేర్పి, స్త్రీలను స్త్రీయే లోపలి గదిలో చూచునట్లు ఏర్పాటు చేసి, పక్కు కనబడిన రోజుననే ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడు పరీక్షించి డాక్సీసైక్లిన్ మొదలిడునట్లు చూడవలెను.